వంటగదిలో ఆవిరి నిర్గమనం

వంటగదిలో ఆవిరి నిర్గమనం అనగా ఇంటి లోపల నీటిని గాని, నీరు కలిసిన పదార్థాలను గాని మరిగించినపుడు పుట్టే ఆవిరిని గదిలో నిలువ ఉండనీయకుండా ఆరుబయటికి పంపే ఏర్పాటు. పూర్వం తెలుగువారి ఇళ్ళలో ఈ పనిని మండువా, పెంకుల సందులు, గవాక్షాలు చేసేవి. స్లాబు ఇళ్ళు, మూసి ఉంచే కిటికీలు వచ్చిన తరువాత ఇదే పని ఎగ్జాస్టు ఫ్యానుకు, చిమ్నీకి అప్పగించబడింది. పెద్ద పాత్రలలో గంటల తరబడి మరిగించవలసిన పనులకు ఈ ఏర్పాటు చాలా అవసరం. మామిడి జాము వండటం, ఇంటి నుండి నడిపే ఇడ్లీ వ్యాపారం, చట్టం అనుమతించే దేశాలలో విద్యుత్ పాత్రలతో చేసే ఇంటి బీరు తయారీ ఇందుకు ఉదాహరణలు.

ఈ విషయంలో ప్రధాన సూత్రం ఒకటే. గది నుండి ఎంత గాలి బయటికి పోవాలో అంత గాలి లోపలికి రావాలి. ఫ్యాను ఎంత పెద్దదైనా, గాలి వచ్చే దారి లేకపోతే ఆవిరి పోదు. ఫ్యాను పెట్టిన తరువాత కూడా గోడలు చెమర్చే ఇళ్ళలో తరచుగా కనిపించే లోపం ఇదే.

## పదజాలం

నిత్య వ్యవహారంలో కొన్ని మాటలకు రెండేసి అర్థాలున్నాయి. పూర్వం చిమ్నీ అంటే కప్పు పైకి లేచే పొగగొట్టం. నేడు అంగళ్ళలో చిమ్నీ అంటే పొయ్యి పైన గోడకు బిగించే, ఫ్యాను, జల్లెడ కలిగిన యంత్రం. ఆ యంత్రంలో బోర్లించిన తొట్టి వంటి భాగాన్ని హుడ్ అంటారు. ఈ వ్యాసంలో దానిని గొడుగు అని వ్యవహరించడమైనది. గొడుగు నుండి బయటికి పోయే దారిని గొట్టం అని, బయటి నుండి స్వచ్ఛమైన గాలి లోపలికి రావడాన్ని గాలి రాక అని పేర్కొనడమైనది.

ఆవిరి, పొగ ఒకటి కావు. పొగలో మసి కణాలు, కార్బన్ మోనాక్సైడు వంటి వాయువులు ఉంటాయి. ఆవిరి కేవలం నీటి వాయురూపం, కంటికి కనిపించదు. మరిగే పాత్రపై తెల్లగా కనిపించేది చల్లని గాలి తగిలి ఏర్పడిన సన్నని నీటి తుంపరలు. కుక్కరు గొట్టం మూతికి, తెల్లని మేఘానికి నడుమ ఏమీ కనిపించని చోటనే అసలు ఆవిరి ఉంటుంది. చేయి కాలేది కూడా అక్కడే ఎక్కువ.

## ఆవిరి పరిమాణం

నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. ఆ తరువాత ఇచ్చిన వేడి నీటి ఉష్ణోగ్రతను పెంచదు, నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది. దీనిని బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. ఒక కిలో నీటికి దీని విలువ 2257 కిలోజౌళ్ళు. ఒక కిలోవాట్ హీటరు గంటలో ఇచ్చే వేడి 3600 కిలోజౌళ్ళు. కాబట్టి ఆ వేడి అంతా మరిగించడానికే వినియోగమైతే గంటకు దాదాపు 1.6 లీటర్ల నీరు ఆవిరి అవుతుంది. పాత్ర గోడల ద్వారా కొంత వేడి పోతుంది గనుక వాస్తవంలో ఇది కొంత తక్కువ ఉంటుంది. ఒక లీటరు నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరి అయినపుడు దాదాపు 1.67 ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది.

గాలి తనలో ఇముడ్చుకోగల తేమకు పరిమితి ఉన్నది. ఆ పరిమితి ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా ఇముడ్చుకోగల నీటి ఆవిరి సుమారుగా ఈ క్రింది విధంగా ఉంటుంది.

* 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు
* 25 డిగ్రీల వద్ద 23 గ్రాములు
* 30 డిగ్రీల వద్ద 30 గ్రాములు
* 35 డిగ్రీల వద్ద 40 గ్రాములు
* 40 డిగ్రీల వద్ద 51 గ్రాములు

పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లుగా ఉన్న వంటగదిలో 27 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఆ గాలి 30 డిగ్రీల వద్ద 70 శాతం తేమతో ఉన్నదనుకుంటే, ఇంకా ఇముడ్చుకోగలిగేది ఘనపు మీటరుకు 9 గ్రాములు, గది మొత్తానికి పావు లీటరు మాత్రమే. అనగా గది మూసి ఉన్నపుడు ఒక కిలోవాట్ హీటరు మరుగుతున్న పాత్ర క్రింద పది నిమిషాల లోపే గదిని తేమతో నింపివేయగలదు. అటుపైన వచ్చే ఆవిరి గోడలపై, కప్పుపై, అల్మరాలలో నీరై నిలుస్తుంది.

పది కిలోల మామిడి గుజ్జుకు ఏడున్నర కిలోల చక్కెర చేర్చి జాము వండే సందర్భం తీసుకుందాం. గుజ్జులో ఘనపదార్థం 18 శాతం అనుకుంటే, చక్కెరతో కలిపి మొత్తం ఘనపదార్థం 9.3 కిలోలు. అది జాములో 68 శాతానికి చేరాలంటే తయారయ్యే జాము 13.7 కిలోలు ఉండాలి. మిగిలిన 3.8 కిలోల నీరు ఆవిరిగా పోవాలి. ఇది పైన చెప్పిన గది ఇముడ్చుకోగల తేమకు పదిహేను రెట్లు. ఒకే ఒక్క వంటలో ఇంత నీరు గాలిలోకి పోతుంది.

## మూత పెట్టదగిన పనులు, పెట్టరాని పనులు

ఆవిరిని బయటికి పంపడం కంటె పుట్టకుండా చూడటం సులభం. బంగాళాదుంపలు, గుడ్లు, పప్పు ఉడికించునపుడు మూత పెట్టి, మరుగు రాగానే వేడి తగ్గిస్తే సరిపోతుంది. జోరుగా మరిగినంత మాత్రాన నీటి ఉష్ణోగ్రత పెరగదు. పదార్థం త్వరగా ఉడకదు కూడా. ఖర్చయ్యేది విద్యుత్తు, పెరిగేది ఆవిరి. ప్రెషరు కుక్కరులో ఆవిరి చాలా వరకు లోపలే ఉండిపోతుంది. విజిలు వచ్చిన వెంటనే మంట తగ్గిస్తే గదిలోకి వచ్చేది మరింత తగ్గుతుంది.

కొన్ని పనులకు మూత పెట్టే వీలు లేదు. జాము, పాకం, కోవా వంటి వాటిలో నీరు పోవడమే వంట యొక్క ప్రయోజనం. బీరు తయారీలో మాల్టు రసాన్ని మరిగించునపుడు డైమిథైల్ సల్ఫైడు అనే, ఉడికిన కూరగాయల వాసన గల పదార్థం ఆవిరితో పాటు బయటికి పోవాలి. మూత పెడితే అది తిరిగి రసంలోనే కలుస్తుంది. నిర్గమన ఏర్పాటు గురించి శ్రద్ధ వహించవలసినది ముఖ్యంగా ఇటువంటి పనులకే.

## తెలుగువారి ఇళ్ళలో పూర్వపు పద్ధతులు

మండువా లోగిళ్ళలో ఇంటి నడుమ ఆకాశానికి తెరచి ఉన్న చోటు ఉండేది. వంటిల్లు సాధారణంగా ఇంటి వెనుక భాగాన ఉండి, ఒక ద్వారం మండువా వైపు, మరొక ద్వారం పెరటి వైపు తెరుచుకునేది. వేడెక్కిన గాలి పైకి లేచి పెంకుల సందుల నుండి, గోడ పైభాగాన ఉన్న గవాక్షాల నుండి బయటికి పోయేది. పెరటి ద్వారం నుండి చల్లని గాలి క్రిందుగా లోపలికి వచ్చేది. క్రింద గాలి రాక, పైన గాలి పోక అనే రెండూ ఈ నిర్మాణంలో సహజంగానే అమరి ఉన్నాయి. కొన్ని ఇళ్ళలో పొయ్యికి సరిగ్గా పైన కప్పును కొంత ఎత్తు లేపి పొగగూడు కట్టేవారు.

అధికంగా మరిగించే పనులు ఇంటి బయటనే జరిగేవి. స్నానాల నీళ్ళు పెరటిలో కాగులో కాగేవి. పెండ్లి వంటలకు ఆరుబయట గాడిపొయ్యి త్రవ్వి గుండిగలు ఎక్కించేవారు. ధాన్యం ఉడకబెట్టడం కళ్ళంలోనో, మిల్లు ఆవరణలోనో జరిగేది. పెద్ద ఆవిరికి ఇంటి లోపల చోటు లేదన్న ఎరుక ఈ ఆచారాలలో కనిపిస్తుంది.

అయితే పూర్వపు వంటిల్లు ఆరోగ్యకరమని చెప్పలేము. ఆవిరి పోయినా పొగ పూర్తిగా పోయేది కాదు. ఊదుడు గొట్టంతో నిప్పు రాజేసే స్త్రీల కళ్ళకు, ఊపిరితిత్తులకు అది తీరని బాధగా ఉండేది. ఈ సమస్యపై తొలినాళ్ళలో శాస్త్రీయంగా కృషి చేసిన వారిలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయానికి చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు ఒకరు. ఆయన రూపొందించిన పొగలేని పొయ్యిలో ఒకే మంట వరుసగా కొన్ని పాత్రల క్రిందుగా సాగి, చివర పొగగొట్టం ద్వారా కప్పు పైకి పోతుంది. దీనిని వివరిస్తూ ఆయన రచించిన స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్ అనే ఆంగ్ల పుస్తకం 1953లో మద్రాసులో ప్రచురించబడింది. కేంద్ర ప్రభుత్వం 1980వ దశకంలో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టింది.

## ఇంధనాల మార్పు

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 1999లో దీపం పథకం ద్వారా మహిళా సంఘాల సభ్యులకు వంట గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం ప్రారంభించింది. కేంద్ర ప్రభుత్వపు ఉజ్జ్వల యోజన 2016లో మొదలైనది. వీటి వలన పల్లెలలో కట్టెల పొగ తగ్గింది. గ్యాసు మండినపుడు కూడా నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు పుడతాయి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడు కూడా పుడుతుంది.

విద్యుత్ పొయ్యిలో, ఇండక్షను పొయ్యిలో, హీటరు అమర్చిన పాత్రలో మంట లేదు. అందువలన మండే వాయువుల బెడద లేదు. అయితే మంటతో పాటు మరొకటి కూడా పోయింది. కట్టెల పొయ్యి పైన, గ్యాసు పొయ్యి పైన వేడి గాలి బలంగా పైకి లేచి ఆవిరిని తనతో తీసుకుపోతుంది. విద్యుత్ పాత్ర చుట్టూ గాలి అంతగా వేడెక్కదు గనుక ఆ పైకి లాగే శక్తి తక్కువ. ఆవిరి కొంత పైకి లేచి, సీలింగు ఫ్యాను గాలికి గది నలుమూలలా చెదురుతుంది. పొగ లేదు గనుక ఏర్పాటు అవసరం లేదనుకోవడం ఈ కారణంగానే పొరపాటు.

విద్యుత్తుకు ఒక అనుకూలత కూడా ఉన్నది. కరెంటు పోయినపుడు ఫ్యాను, హీటరు రెండూ ఒకేసారి ఆగిపోతాయి. గ్యాసు పొయ్యి విషయంలో ఫ్యాను ఆగినా మంట మండుతూనే ఉంటుంది. అటువంటపుడు కిటికీలు, తలుపులు వెంటనే తెరవవలెను.

## విస్సన్నపేట ప్రాంతం, ఋతువులు

విస్సన్నపేట నూజివీడు నుండి తిరువూరు పోయే దారిలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ మండలం కృష్ణా జిల్లా నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది. పరిపాలనా విభాగాలు వేరైనా ఈ ప్రాంతమంతా ఒకే మామిడి సీమ. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు ఇక్కడి తోటలలో పేరుపొందిన రకాలు. నూజివీడులో మామిడి పరిశోధనా కేంద్రం కలదు.

మామిడి పంట ప్రధానంగా ఏప్రిల్, మే, జూన్ నెలలలో వస్తుంది. ఆవకాయకు పొయ్యి అవసరం లేదు. మాగాయకు, తాండ్రకు ఎండ చాలు. జాముకు, నిలువ ఉంచే పండ్ల రసానికి, సీసాలను మరిగే నీటిలో శుద్ధి చేయడానికి మాత్రం పొయ్యి తప్పదు. ఎండలు తీవ్రంగా ఉండే రోజులలోనే ఈ పనులు మీద పడతాయి.

ఆవిరి సమస్య ఋతువును బట్టి మారుతుంది. మే నెల మధ్యాహ్నం బయట 42 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్నదనుకుంటే, ఆ గాలిలో ఘనపు మీటరుకు 14 గ్రాముల తేమ మాత్రమే ఉంటుంది. అది ఇంకా 40 గ్రాములకు పైగా ఇముడ్చుకోగలదు. కనుక వేసవిలో కిటికీ తెరిచి ఫ్యాను వేస్తే ఆవిరి సులభంగా పోతుంది. అప్పుడు బాధించేది వేడి. శ్రావణమాసంలో 28 డిగ్రీల వద్ద 88 శాతం తేమ ఉంటే గాలికి మిగిలిన శక్తి ఘనపు మీటరుకు 3 గ్రాములే. అప్పుడు ఆవిరి గదిలో కలిసిన తరువాత దానిని తీసివేయడం కష్టం, పుట్టిన చోటనే పట్టుకోవలెను. చలికాలపు తెల్లవారుజామున గోడలు చల్లగా ఉండుట చేత ఆవిరి వాటిపై త్వరగా నీరవుతుంది. ఉదయాన్నే ఇడ్లీ వండే ఇళ్ళలో ఉత్తరపు గోడకు, అల్మరా వెనుకకు బూజు పట్టడానికి ఇది ఒక కారణం.

## ఏర్పాటులోని భాగాలు

### గొడుగు

ఆవిరి పైకి లేచే కొద్దీ విస్తరిస్తుంది. కాబట్టి గొడుగు పాత్ర అంచు కంటె అన్ని వైపులా 10 నుండి 15 సెంటీమీటర్లు వెడల్పుగా ఉండవలెను. సాధారణ పొయ్యికి గొడుగును రెండు నుండి రెండున్నర అడుగుల ఎత్తులో బిగిస్తారు. పాత్ర ఎత్తైనది అయితే లెక్కించవలసినది పొయ్యి నుండి కాదు, పాత్ర మూతి నుండి. గోడకు ఆనించిన గొడుగు గది నడుమ వ్రేలాడే గొడుగు కంటె తక్కువ గాలితోనే పనిచేస్తుంది, ఎందుకనగా గోడ ఒక వైపును మూసివేస్తుంది. వంట జరుగుతున్నంతసేపు సీలింగు ఫ్యాను ఆపడం మంచిది. అడ్డంగా వీచే గాలి గొడుగు క్రింది ఆవిరిని చెదరగొడుతుంది.

గొడుగు లోపల నీరు చేరి బొట్లుగా కారడం సహజం. ఆ బొట్లు జిడ్డును, మురికిని కరిగించుకుని పాత్రలో పడకుండా గొడుగు లోపలి అంచు చుట్టూ సన్నని కాలువ ఉండవలెను. లోపలి పలకలు ఏటవాలుగా ఉంటే నీరు అంచు వైపుకు జారుతుంది. సమతలంగా ఉన్న డబ్బా గొడుగు పెద్ద మరుగుళ్ళకు పనికిరాదు.

### ఫ్యాను

గోడకు పెట్టిన ఎగ్జాస్టు ఫ్యాను గది గాలి మొత్తాన్ని మారుస్తుంది. గొడుగు ఆవిరిని పుట్టిన చోటనే పట్టుకుంటుంది. ఈ రెంటికీ కావలసిన గాలిలో చాలా తేడా ఉన్నది.

రెండు కిలోవాట్ల మరుగుకు గంటకు 3.2 కిలోల ఆవిరి వస్తుంది. బయటి గాలిలో ఘనపు మీటరుకు 21 గ్రాముల తేమ ఉండి, గదిలో 26 గ్రాముల వరకు సహించగలమనుకుంటే ఒక ఘనపు మీటరు మోయగలిగేది 5 గ్రాములే. అప్పుడు గంటకు 640 ఘనపు మీటర్ల గాలి మార్చవలెను. గొడుగు క్రింది గాలి 40 డిగ్రీలకు వేడెక్కితే ఒక ఘనపు మీటరు 30 గ్రాములు అదనంగా మోయగలదు. లెక్క ప్రకారం 107 ఘనపు మీటర్లు చాలును. గొట్టంలో నీరు కారకుండా ఉండటానికి, చెదిరే ఆవిరిని కూడా పట్టుకోవడానికి దీనికి రెండు మూడు రెట్లు తీసుకోవడం సమంజసం. అనగా గంటకు 200 నుండి 300 ఘనపు మీటర్లు. అమెరికాలోని ఆశ్రే 62.2 ప్రమాణం వంటగదికి నిమిషానికి 100 ఘనపు అడుగులు, అనగా గంటకు 170 ఘనపు మీటర్ల గాలి తీయగల ఫ్యాను ఉండాలని నిర్దేశిస్తున్నది. ఇది మామూలు వంటకు ఉద్దేశించినది.

ఫ్యాను పెట్టెపై ముద్రించిన సంఖ్య సాధారణంగా గొట్టం లేకుండా స్వేచ్ఛగా వీచినపుడు వచ్చేది. గొట్టం, వంపులు, జల్లెడ, బయటి రెక్కల తలుపు అడ్డు వచ్చిన తరువాత అందులో కొంత భాగమే మిగులుతుంది. మోటారు ఆవిరి దారిలో తడవకుండా మూసి ఉన్నదైతే ఎక్కువ కాలం మన్నుతుంది.

### గొట్టం

ఆరు అంగుళాల, అనగా 150 మిల్లీమీటర్ల గొట్టంలో గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతే గంటకు దాదాపు 320 ఘనపు మీటర్లు పోతుంది. అదే గాలిని సగం వ్యాసం గల గొట్టం గుండా పంపాలంటే సుమారు 32 రెట్లు అధిక పీడనం కావాలి. చిన్న గొట్టానికి పెద్ద ఫ్యాను బిగిస్తే చప్పుడు పెరుగుతుంది, గాలి పెరగదు. గొట్టం పొట్టిగా, నున్నగా, తక్కువ వంపులతో ఉండవలెను. ముడతల గొట్టంలో నీరు నిలుస్తుంది. అడ్డంగా పోయే భాగం బయటి వైపుకు కొద్దిగా వాలి ఉంటే చేరిన నీరు బయటికే పోతుంది.

గొట్టం చివర ఆరుబయట ఉండవలెను. అటక పైకో, ఫాల్సు సీలింగు లోపలికో వదిలితే ఆవిరి కనిపించకుండా పోతుందే గాని ఇంటిని వదలదు. అక్కడి కలప, ఇనుము, వైర్లు పాడవుతాయి. గొట్టం లేకుండా బొగ్గు జల్లెడతో అమ్మే చిమ్నీలు వాసనను, జిడ్డును కొంత పట్టుకుంటాయి. నీటి ఆవిరిని మాత్రం తిరిగి గదిలోకే వదులుతాయి. ఇంట్లో పెద్ద మరుగుళ్ళు ఉన్నవారికి అవి ఉపయోగపడవు.

### గాలి రాక

గంటకు 320 ఘనపు మీటర్ల గాలి సెకనుకు ఒక మీటరు వేగంతో మెల్లగా లోపలికి రావాలంటే సుమారు అడుగు పొడవు, అడుగు వెడల్పు గల తెరచిన చోటు కావాలి. దోమతెర ఉంటే మరికొంత పెద్దది కావాలి. ఈ చోటు గొడుగుకు ఎదురు వైపున, క్రిందుగా ఉండటం మేలు. ఫ్యాను ప్రక్కనే ఉన్న కిటికీ తెరిస్తే వచ్చిన గాలి వచ్చినట్టే ఫ్యానులోకి పోతుంది, పాత్ర వద్ద ఆవిరి అట్లాగే ఉంటుంది. అమెరికాలోని అంతర్జాతీయ నివాస గృహ నియమావళి నిమిషానికి 400 ఘనపు అడుగులకు మించిన గొడుగు పెట్టే ఇళ్ళలో, గ్యాసు వంటి ఇంధనాలు మండించే పరికరాలున్నపుడు బయటి గాలి వచ్చే ప్రత్యేక దారిని కోరుతున్నది.

దీనిని పరీక్షించడం సులభం. తలుపులు, కిటికీలు మూసి ఫ్యాను వేసి, వెలిగించిన అగరువత్తిని గొడుగు అంచు వద్ద పట్టుకుని పొగ ఎటు పోతుందో చూడవలెను. తరువాత ఒక కిటికీ తెరిచి మరల చూడవలెను. కిటికీ తెరిచిన వెంటనే పొగ గొడుగులోకి బలంగా పోతే, ఆ ఇంటికి లోపించినది ఫ్యాను కాదు, గాలి రాక.

## ఆవిరిని నీటితో చల్లార్చే పద్ధతి

గొట్టం బయటికి తీసే వీలులేని ఇళ్ళలో మరొక పద్ధతి ఉన్నది. పాత్ర మూతకు గొట్టం అమర్చి, అందులో చల్లని నీటిని తుంపరగా చల్లితే ఆవిరి అక్కడే నీరై కాలువలోకి పోతుంది. ఇందులో ఫ్యాను అవసరం లేదు. ఒక కిలో ఆవిరిని చల్లార్చే నీరు 25 నుండి 60 డిగ్రీలకు వేడెక్కుతుందనుకుంటే సుమారు 16 లీటర్లు కావాలి. గంటకు మూడు లీటర్లు మరిగే పనికి ఇది 50 లీటర్లు. ఆ వేడినీరు పాత్రలు కడగడానికి పనికివస్తుంది.

ఈ పద్ధతిలో గొట్టం చివర ఎన్నడూ మూసుకుపోరాదు. మూసుకుపోతే పాత్రలో పీడనం పెరిగి ప్రమాదం సంభవిస్తుంది. మరుగు ఆపిన వెంటనే లోపలి ఆవిరి కుదించుకుపోయి బయటి నీటిని పాత్రలోకి లాగవచ్చును. అందుచేత హీటరు ఆపగానే మూత తెరవవలెను.

## ఇంటి బీరు తయారీ

ఇంటి లోపలి ఆవిరి నిర్గమనం గురించి సవివరమైన చర్చ ప్రపంచంలో ఎక్కువగా ఇంట్లో బీరు తయారుచేసేవారి నడుమ జరిగింది. ఇరవై లీటర్ల మాల్టు రసాన్ని సాధారణంగా గంటసేపు తెరిచిన పాత్రలో మరిగిస్తారు. దాదాపు మూడు లీటర్ల నీరు ఆవిరి అవుతుంది. అమెరికాలో 1978 అక్టోబరు 14న సంతకమైన చట్టం సొంత వాడకానికి ఇంటి బీరు తయారీని ఫెడరల్ పన్ను నుండి మినహాయించింది. రాష్ట్రాల అనుమతులు విడివిడిగా వచ్చాయి. చివరగా 2013లో మిసిసిపి, అలబామా రాష్ట్రాలు అనుమతించాయి. చలి దేశాలలో శీతాకాలం ఆరుబయట మరిగించడం కష్టం గనుక విద్యుత్ పాత్రలు, వాటి వెంట గొడుగులు ప్రచారంలోకి వచ్చాయి.

తెలుగు రాష్ట్రాలలో పరిస్థితి వేరు. 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం అనుమతి పత్రం లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఇంటి వాడకానికైనా ఇది వర్తిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో సూక్ష్మ బ్రూవరీల నియమాలు తీసుకువచ్చింది. అవి లైసెన్సు గల వ్యాపార సంస్థలకే వర్తిస్తాయి, ఇళ్ళకు కాదు.

బీరు గాని, పండ్ల సారా వంటివి గాని పులిసేటపుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు ఆవిరి వంటిది కాదు. ఒక కిలో చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు 270 లీటర్ల వాయువు వస్తుంది. గాలి కంటె బరువైనది గనుక అది నేలను ఆశ్రయించి ఉంటుంది, పైనున్న గొడుగు దానిని పట్టుకోలేదు. పూర్వం ధాన్యపు పాతరలలోకి, పాడుబడిన బావులలోకి దిగినవారు ఊపిరాడక మరణించడానికి ఈ వాయువు, ప్రాణవాయువు లోపించడం కారణాలు.

## ప్రమాదాలు, జాగ్రత్తలు

* గాలి రాక లేని ఇంట్లో బలమైన ఫ్యాను వేస్తే, అది స్నానాల గదిలోని గ్యాసు గీజరు నుండి, కట్టెల పొయ్యి గొట్టం నుండి విషవాయువును వెనుకకు లాగగలదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. ఫ్యాను కంటె ముందు కిటికీ తెరవడం అలవాటు చేసుకోవలెను.
* మూడు కిలోవాట్ల హీటరు 230 వోల్టుల వద్ద 13 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. దీనిని 16 ఆంపియర్ల సాకెట్టుకే, విడి వైరుతో కలపవలెను. ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు తప్పనిసరి.
* సాకెట్లు, స్విచ్చులు పాత్రకు సరిగ్గా పైన ఉండరాదు. ఆవిరి నీరై వాటిలోకి దిగుతుంది.
* హీటరు కడ్డీ నీటిలో పూర్తిగా మునిగి ఉన్నపుడే స్విచ్చి వేయవలెను. బకెట్లో వ్రేలాడే నీళ్ళ రాడ్డును పెద్ద వంటలకు వాడరాదు.
* మూతను తనకు ఎదురు వైపు నుండి ఎత్తవలెను. ఆవిరి వలన కలిగే గాయం వేడినీటి గాయం కంటె తీవ్రం, ఎందుకనగా చర్మంపై నీరవుతూ గుప్తోష్ణాన్ని కూడా వదులుతుంది.
* వంట ముగిసిన తరువాత కనీసం పావుగంట ఫ్యాను నడిపితే గొట్టంలోని తడి ఆరుతుంది.
* గొడుగు జల్లెడను, కాలువను తరచుగా కడగవలెను. జిడ్డు పేరుకున్న గొట్టం నిప్పు అంటుకునే ప్రమాదం కలిగి ఉంటుంది.

నిత్యం తడిగా ఉండే గోడలపై పెరిగే బూజు ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు హాని చేస్తుంది. వంటగదిలో ఎక్కువ సమయం గడిపేవారు ఆ హానికి ముందుగా గురి అవుతారు. వంట మొదలు పెట్టేముందు ఎదురు కిటికీ తెరవడానికి ఖర్చు ఏమీ లేదు. ఫ్యాను, గొట్టం కొనే ముందు ఇంటికి గాలి ఎటు నుండి వస్తుందో చూసుకుంటే పెట్టిన ఖర్చుకు ఫలితం దక్కుతుంది.

## ఇవి కూడా చూడండి

* బాష్పీభవనం
* గుప్తోష్ణం
* పొయ్యి
* మండువా లోగిలి
* మామిడి
* విస్సన్నపేట